అరచేతిలో రుచి

మా అల్లుడి తలలో మళ్లీ ఒక తెల్లమచ్చ కనిపించిందని పెద్ద డాక్టరు చెప్పినప్పుడు నేను కుర్చీ అంచున కూచుని ఉన్నాను. ఆసుపత్రిలో నేను కుర్చీ నిండా కూచోలేను. ఎవరో వచ్చి, ఇది మీది కాదు లేవండి అంటారని భయం. అల్లుడు మాత్రం సినిమాకొచ్చినవాడిలా వెనక్కి వాలి, కాళ్లు చాపుకుని కూచున్నాడు.

పెద్ద డాక్టరు కంప్యూటరు తెరని మా వైపు తిప్పారు. మెదడు బొమ్మ బూడిద రంగులో ఉంది. కుడి పక్కన, రెండేళ్ల కిందట ఆయనే కోసి గడ్డ తీసేసిన గుంట నల్లగా ఉంది. ఆ గుంట అంచున, పాలు పొంగి గిన్నె పక్కన ఎండినట్టు, తెల్లటి చార.

"ఇది రెండిట్లో ఏదో ఒకటి," అన్నారు ఆయన. "గడ్డ తిరిగి వచ్చి ఉండొచ్చు. లేదా అప్పట్లో పెట్టిన రేడియేషన్ వల్ల ఆ చుట్టుపక్కల మెదడు కొంత చచ్చిపోయి, వాచి ఉండొచ్చు. ఎమ్మారైలో రెండూ ఇలాగే ఉంటాయి. చూసి చెప్పలేం."

"కరెంటు పెట్టి రెండేళ్లయింది కదండీ," అన్నాను నేను.

"రెండేళ్ల తర్వాత కూడా వస్తుందమ్మా."

"అంటే అడుగంటిందంటారు," అన్నాడు అల్లుడు. "పొయ్యి ఆర్పేశాక కూడా దళసరి గిన్నెలో అడుగు మాడుతూనే ఉంటుంది డాక్టరుగారూ. మూత తీసేదాకా తెలీదు."

పెద్ద డాక్టరు నవ్వారు. ఆయన నవ్వగా నేను అదే చూడటం. "అలాగే అనుకోండి. మాడినదైతే మందులతో లాగించొచ్చు, చాలామందికి నెమ్మదిగా తగ్గుతుంది కూడా. గడ్డ అయితే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు. ఇప్పుడు అంచున ఉంది, చెయ్యి అందుతుంది. లోపలికి పాకితే అందదు."

ఊరికే తెరిచి చూసెయ్యకూడదా అని నేను అడగబోయాను. నా మొహం చూసి ఆయనే చెప్పారు, మాడిన మచ్చ కోసం తల తెరవడం మంచిది కాదని, ముందు కింది అంతస్తులో పెట్ స్కాన్ చేయిద్దామని. నాకు ఒక్క మాటే చెవిలో ఉండిపోయింది. చెయ్యి అందుతుంది.

మా ఇద్దరి సంగతీ ఇక్కడ కొంచెం చెప్పాలి, లేకపోతే అల్లుడి వెంట ఆసుపత్రికి అత్త రావడమేమిటని మీకు అనిపిస్తుంది. ఆసుపత్రిలో అందరికీ అనిపించింది. మా అమ్మాయి ఇతన్ని విడిచి వెళ్లి ఆరేళ్లయింది. వేరే ఊళ్లో, వేరే మనిషితో, సుఖంగానే ఉంది. వెళ్లిన రోజు పెట్టె పట్టుకుని వీధి మలుపు దాకా నడిచి, అక్కడ ఆగి వెనక్కి చూసింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అన్నం దించి వద్దామని లోపలికి వెళ్లాను. దించి వచ్చేసరికి మలుపులో ఎవరూ లేరు. ఆ తర్వాత ఎవరు గుమ్మం దిగుతున్నా, కూరలు తేవడానికైనా సరే, నేను పని వదిలేసి మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తాను.

అల్లుడు నన్ను పొమ్మనలేదు, నేను పోతాననలేదు. బట్టల మిల్లు గేటుకి ఎదురుగా రేకుల కప్పు కింద మాకు తిండి హోటలు ఉంది. అతను వండుతాడు, నేను తరిగి, వడ్డించి, కేకలు వేస్తాను. "అందరికీ పెళ్లాం మిగిలి అత్త పోతుంది. నాకు తిరగేసి రాశారు," అని బెంచీల మీది వాళ్లతో చెప్పి నవ్వించేవాడు. "నీ వంట తినలేక అది పారిపోయింది. నాకు పళ్లు లేవు గనక సరిపోయింది," అని నేను అనేదాన్ని. ఇవే మాటలు రోజూ అనుకునేవాళ్లం. రోజూ నవ్వేవాళ్లు.

పెట్ స్కాన్ చేసే చోటు నేల కింద ఉంది. కిటికీలు లేవు. తలుపులు ఎంత బరువంటే, ఒకసారి మూసుకుంటే మళ్లీ తెరుచుకుంటుందా అని చూస్తూ నిలబడ్డాను. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, ముప్ఫై దాటి ఉండవు. ఆవిడ మాకు కుర్చీలు వేసి, తను నిలబడి చెప్పింది.

"మాంసకృత్తులు ఉంటాయి కదా, పప్పులో, గుడ్లలో, పాలలో. అవి ఒంట్లో అరిగితే చిన్న చిన్న ముక్కలవుతాయి. అలాంటి ముక్క ఒకటి తయారుచేసి, దానికి కాస్త రేడియోధార్మికత తగిలించి, సూదితో ఎక్కిస్తాం. బతికున్న గడ్డ పెరుగుతూ ఉంటుంది గనక దానికి ఆకలి ఎక్కువ. ఆ ముక్కల్ని గబగబా లాక్కుంటుంది. అప్పుడు బొమ్మలో అది వెలుగుతుంది. చచ్చిన కణాలు ఏమీ తినవు. అక్కడ వెలుగు ఉండదు."

"బాగుంది," అన్నాడు అల్లుడు. "భోజనం పెట్టి దొంగని పట్టుకుంటారన్నమాట."

"అంతే మాస్టారూ. అందుకే స్కాన్ రోజు పొద్దున మీరు ఏమీ తినకూడదు. రాత్రి భోజనం తర్వాత మంచినీళ్లు తప్ప ఏదీ వద్దు. మీరు తింటే మీ తిండిలోని ముక్కలు ముందే వెళ్లి బెంచీలు ఆక్రమించేస్తాయి, మా మందుకి చోటు దొరకదు. గడ్డ ఉన్నా లేనట్టు కనిపిస్తుంది."

ఇంతకన్నా విడమరిచి ఎవరు చెప్తారు? హోటలు నడిపేవాళ్లం కదాని ఆవిడ బెంచీల మాట కూడా తెచ్చి చెప్పింది. మేమిద్దరం తలలూపాం.

స్కాన్ రోజు ఆసుపత్రికి వెళ్లాల్సింది మధ్యాహ్నానికి. పొద్దుటి షిఫ్టు వాళ్లకి తిండి పెట్టి వెళ్దామన్నాడు. వాపు తగ్గడానికి ఇచ్చిన మాత్రలకి అతనికి పగలూ రాత్రీ ఒకటే ఆకలి. ముఖం గుండ్రంగా ఉబ్బింది. అయినా ఆ పొద్దున టీ కూడా ముట్టలేదు. నేను రెండు మూడుసార్లు, "నోట్లో ఏమీ వేసుకోలేదు కదా," అని అడిగాను. "లేదని ఎన్నిసార్లు చెప్పాలి, రాసిచ్చి సంతకం పెట్టనా," అని విసుక్కున్నాడు. పొయ్యి దగ్గర పప్పు, గుడ్ల కూర, పాలు అన్నీ చూసుకుని, చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని బయల్దేరాడు. సూది వేసే అబ్బాయి కూడా అడిగాడు, ఏమైనా తిన్నారా అని.

"మంచినీళ్లు," అన్నాడు అల్లుడు.

"ఎంగిలి కూడా పడలేదు నాయనా," అన్నాను నేను వెనక నుంచి.

రిపోర్టు రెండు రోజులకి వచ్చింది. మచ్చ దగ్గర చెప్పుకోదగ్గ వెలుగు లేదు. రేడియేషన్ వల్ల కలిగిన నష్టమే అయ్యుండొచ్చు. పెద్ద డాక్టరు మాత్రలు మార్చి, మూడు నెలలకి రమ్మన్నారు. బయటికొచ్చాక అల్లుడు మెట్ల మీద కూచుండిపోయాడు. లేపబోతే, "ఉండండి అత్తయ్యా, కాసేపు కూచోనివ్వండి," అన్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు.

ఆ మర్నాడు హోటల్లో అందరికీ చెప్పాడు. మా దగ్గర భోజనానికి వచ్చేవాళ్లలో ఒకాయన ఉన్నాడు, మిల్లులో నూలు కండెలు మోసే మనిషి. గంట కొట్టక ముందే బెంచీ మీద ఉంటాడని అందరూ ఆయన్ని గడియారం అంటారు. ఆ గడియారం లేచి అల్లుడి వీపు మీద చరిచి, "మాస్టారి తల మాడిపోయిందంట రా," అని అరిచాడు. బెంచీలన్నీ నవ్వాయి. "మాడింది గనకే బతికాను," అన్నాడు అల్లుడు. ఆ పూట ఎవరు ఎంత అడిగితే అంత వడ్డించాడు. రేకుల కప్పుకి రంగు వేయిద్దామన్నాడు. వానలు వెళ్లాక పక్క స్థలం కూడా తీసుకుని ఇంకో వరస బెంచీలు వేద్దామన్నాడు. రాత్రి పడుకుంటే గురక వినపడేది. రెండేళ్లుగా అతని గదిలోంచి దగ్గు, మంచం కిర్రు, నీళ్లు తాగిన చప్పుడు వినపడేవి గానీ గురక లేదు. నేను మేలుకుని ఆ గురక వింటూ పడుకునేదాన్ని.

పది రోజులు గడిచాయి. ఒక పొద్దున నా ఫోను మోగింది. ఆసుపత్రిలో ఇద్దరి నంబర్లూ ఇచ్చాం, నాది ముందు. నేల కింది డాక్టరమ్మ.

"అమ్మా, మీ అల్లుడిగారి బొమ్మలు నిన్న మేమంతా కూచుని ఇంకోసారి చూశాం. మచ్చ ఒక్కటే కాదు, తల మొత్తం మామూలుగా ఉండాల్సిన దానికన్నా మసగ్గా ఉంది. నేను మొదటిసారే పట్టుకోవాల్సింది. సూది వేసిన చోట చెయ్యి వాచిందా? మందు నరంలోకి వెళ్లకుండా బయటికి పోయిందా?"

"లేదమ్మా. చెయ్యి బాగానే ఉంది."

"అయితే ఆ పొద్దున ఏమైనా తిన్నారా?"

"లేదు తల్లీ. నేను పక్కనే ఉన్నాను. గుక్కెడు మంచినీళ్లు తప్ప ఏమీ లేదు."

"సరే, కనుక్కుందామని చేశాను," అంది. ఆ గొంతు సరే అన్నట్టు లేదు.

ఫోను పెట్టి వంటింట్లోకి వెళ్లాను. అల్లుడు పప్పు గిన్నె ముందు నిలబడి ఉన్నాడు. గరిటెతో తీసి ఎడం అరచేతిలో పోసుకుని నాకాడు. వంటవాళ్లు గరిటె నోటికి తగలనివ్వరు, అందరూ తినేది ఎంగిలి కాకూడదని. ఉప్పు వేసి కలిపి మళ్లీ పోసుకున్నాడు. మళ్లీ. కరెంటు పెట్టినప్పటి నుంచీ అతనికి నాలుక సరిగ్గా తెలియదు. ఉప్పు సరిపోయిందో లేదో పట్టుకోవడానికి అరచేయి నిండా నాలుగైదుసార్లు పోసుకుంటాడు. తర్వాత గుడ్ల కూర. పులుసు పోసుకున్నాడు. పులుసు గుడ్డుకి పట్టిందా అని ఒక గుడ్డు కోసి సగం నోట్లో వేసుకున్నాడు. పాలు అడుగు వాసన వస్తున్నాయేమో అని గ్లాసులో పోసుకుని, చల్లార్చి తాగి, "ఏమీ తెలియట్లేదు," అని ఇంకొంచెం పోసుకున్నాడు.

నేను గుమ్మం పట్టుకుని చూస్తున్నాను. అదంతా ఒక కంచంలో పోస్తే ఒక మనిషి భోజనం. ఆ రోజు పొద్దున కూడా ఇంతే. నేను ఉల్లిపాయలు తరుగుతూ ఎదురుగానే ఉన్నాను. చూశాను. చూస్తూనే, నోట్లో ఏమీ వేసుకోలేదు కదా అని అడిగాను. వేసుకోలేదని అతను చెప్పాడు. ఇద్దరం అబద్ధం ఆడలేదు. మా పనిలో దాన్ని తినడం అనరు.

"ఆ రోజు కూడా రుచి చూశావు కదా నాయనా," అన్నాను.

"ఏ రోజు?"

"స్కాన్ రోజు పొద్దున."

"చూడకుండా పెడతానా? ఉప్పు కషాయమైతే గడియారం కంచం నా మొహాన కొడతాడు."

"ఆ డాక్టరమ్మ ఫోను చేసింది. బొమ్మంతా మసగ్గా ఉందట. ఏమైనా తిన్నావా అని అడిగింది."

అతను గరిటె పట్టుకుని నవ్వాడు. "రుచి చూడటం తినడం ఎప్పుడైంది అత్తయ్యా? ఆ లెక్కన నేను రోజుకి పాతికసార్లు భోంచేస్తున్నట్టు."

"చేస్తున్నావు నాయనా."

నవ్వు నెమ్మదిగా పోయింది. పొయ్యి తగ్గించాడు. అరచేయి తువ్వాలుకి తుడుచుకున్నాడు, తుడుచుకున్న చేతినే మళ్లీ తుడుచుకున్నాడు. పప్పు కుతకుతమంటోంది.

"మీరేమన్నారు?"

"లేదన్నాను. అప్పటికి నాకు తట్టలేదు."

"అయితే అయిపోయింది. ఆవిడ అడిగింది తిన్నాడా అని. మీరు లేదన్నారు. అది నిజమే."

"పెద్ద డాక్టరు ఏమన్నారో గుర్తుందా? అంచున ఉంటే చెయ్యి అందుతుందన్నారు. ఆలస్యమైతే..."

"అందితే? మొదటిసారి అందలేదా?" అతను గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "అందింది, తీశారు. కరెంటు పెట్టారు. జుట్టు రాలింది, వచ్చింది. నాలుక పోయింది, అది రాలేదు. అయినా సరే అనుకున్నాను. ఇప్పుడు మళ్లీ తల తెరుస్తారు, మళ్లీ చూద్దామంటారు. ఈ పది రోజులు నేను నిద్రపోయాను. మీకు తెలుసా, పొద్దున లేవగానే తల గుర్తుకు రాలేదు నాకు. వంట గుర్తుకొచ్చింది."

"తెలుసు. గురక విన్నాను."

"వింటే మరి?" చేతులు రెండూ జోడించాడు. పసుపు అంటిన చేతులు. "మీకు దణ్ణం పెడతాను, చెప్పకండి. మూడు నెలలకి రమ్మన్నారు. అప్పుడు వెళ్దాం. మూడు నెలలు ఇవ్వండి నాకు."

పెద్దదాన్ని, నాకు దణ్ణం పెట్టడంలో వింత లేదు. పండుగపూటల్లో పెట్టిన దణ్ణాలు వేరు. నేను ఆ చేతులు విడదీసి, "సరే ముందు పొయ్యి చూడు," అన్నాను. సరే అనే అన్నాను.

ఆ రోజంతా, మర్నాడూ చేతిలో పని చేతిలోనే ఉండిపోయేది. చెప్పకపోతే గడ్డ పాకిపోతుంది, నా వల్ల పోతాడు. చెప్తే తల తెరుస్తారు, బతకొచ్చు. బతకొచ్చు అన్న మాట పక్కన మిగతావన్నీ చిన్నవిగా కనిపించాయి. అతని నిద్ర కూడా. మనిషి పోయాక ఈ నిద్రని నేనేం చేసుకుంటాను, అనుకున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. అతను పోతే నేను మలుపు దాకా చూడాల్సిన మనిషి ఇక ఎవరూ ఉండరు. ఈ మాట చివర చెప్తున్నాను గానీ నా మనసులో ఇదే ముందు వచ్చి ఉంటుంది.

కూరలకని చెప్పి బయటికి వచ్చి, మార్కెట్టు పక్క మూసేసిన దుకాణం మెట్టు మీద నిలబడి ఫోను చేశాను.

"అమ్మా, ఆ పొద్దున తిన్నాడు."

డాక్టరమ్మ కాగితం తీసిన చప్పుడు వినపడింది. "ఏం తిన్నారు?"

"పప్పు, గుడ్లు, పాలు. కొంచెం కొంచెం. చాలాసార్లు." తర్వాత చెప్పాను, హోటల్లో వంటంతా అతనే చేస్తాడని, అరచేతిలో పోసుకుంటాడని, దాన్ని మేము తినడం అనుకోమని. ఎందుకో ఆవిడకి అది బాగా అర్థం కావాలనిపించింది. ఎవరూ మోసం చెయ్యలేదని తెలియాలనిపించింది.

"అర్థమైందమ్మా," అంది ఆవిడ. "ఇలా నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగాల్సినట్టు అడగలేదు. ఈ వారంలోనే మళ్లీ చేద్దాం."

సంచి నిండా ఏవేవో కూరలు కొనుక్కుని ఇంటికి వెళ్లాను. అల్లుడికి ఆసుపత్రి నుంచి పిలుపు అప్పటికే వచ్చింది, అతని ఫోనుకే. బెంచీలు తుడుస్తున్నాడు. నన్ను చూసి, "కూరలు అక్కడ పెట్టండి, బరువు మొయ్యకండి," అన్నాడు. తిట్టలేదు. ఆ రోజు నుంచి చాలా మర్యాదగా మాట్లాడటం మొదలుపెట్టాడు. కూచోండి, తీసుకోండి, మీకెందుకు శ్రమ. పక్కింట్లోకి కొత్తగా అద్దెకొచ్చిన ఆవిడతో మాట్లాడినట్టు.

రెండోసారి స్కాన్ రోజున హోటలు తెరవలేదు. వంటింటి తలుపు గొళ్లెం పెట్టి ఉంది, అతనే పెట్టాడు. వీధివైపు స్టూలు మీద కూచుని మిల్లుకి వెళ్లేవాళ్లని చూస్తూ ఉన్నాడు. నేనూ ఏమీ తినలేదు. అది అతను గమనించాడు.

"ఈసారి మాస్టారిని వంటింట్లోకి పోనివ్వలేదు కదా పెద్దమ్మా?" అన్నాడు సూది వేసే అబ్బాయి. మంచిగానే అన్నాడు. అక్కడున్న నర్సులు ఇద్దరూ చిన్నగా నవ్వారు. మా కథ నేల కింద అందరికీ తెలిసిపోయింది. అల్లుడు గోడకేసి చూశాడు.

మందు సీసపు డబ్బాలో వచ్చింది. సూదికి కూడా సీసపు తొడుగు. అంత బందోబస్తు మధ్య లోపలున్నది రెండు చెంచాల నీళ్లలాంటి మందు. అది నరంలోకి ఎక్కించి, మసక దీపం ఉన్న గదిలో అతన్ని పడుకోబెట్టారు. కదలకూడదు. ఈ పూట చిన్నపిల్లల దగ్గరికి, కడుపుతో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లకూడదని చెప్పారు. తలుపుకి చెయ్యంత అద్దం ఉంది. అందులోంచి చూశాను. కళ్లు తెరుచుకుని కప్పుకేసి చూస్తున్నాడు. తలలో కుడివైపు గడ్డ పెరిగితే పడిపోయేది ఎడం చెయ్యేనని రెండేళ్ల కిందటే చెప్పారు. ఆ చెయ్యి దుప్పటి బయట ఉంది. వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి మడిచి విప్పుకుంటున్నాడు, ఇంకా పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటున్నట్టు. కదలకూడదన్నారు కదా అని అద్దం మీద వేలితో తట్టబోయి మానుకున్నాను.

నేను ఆ గోడ పక్క బల్ల మీద కూచుని, దేవుడా అది గడ్డే అయినా సరే, చెయ్యి అందేచోట ఉండాలి, అని కోరుకున్నాను. గడ్డ కాకూడదని కోరుకునే ధైర్యం చాల్లేదు. ఎక్కువ అడిగితే ఏదీ ఇవ్వడేమో అని.

ఈసారి బొమ్మలు ఆ సాయంత్రమే పెద్ద డాక్టరు గదిలో చూపించారు. డాక్టరమ్మ కూడా పైకి వచ్చింది. తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. మొదటిది, మొన్నటిది. పొగమంచులో ఊరిలా ఉంది, ఎక్కడ ఏముందో తెలియదు. రెండోదాంట్లో మెదడంతా లేత నీలంగా, ఎంత ఉండాలో అంతే వెలుగుతోంది. ఆ నీలంలో, గుంట అంచున, ఎర్రగా నిప్పుకణిక. నిప్పుకణిక నుంచి సన్నగా ఒక తోక లోపలికి, తల నడిమికి పోయి, నడిమి దాటి అవతలి పక్కకి వంగింది.

ఎవరూ చెప్పక ముందే నాకు తెలిసింది. తోక చూశాక ఎవరికైనా తెలుస్తుంది.

"గడ్డే," అన్నారు పెద్ద డాక్టరు. "రెండు పక్కల మెదడునీ కలిపే వంతెన లాంటిది మధ్యలో ఉంటుంది. దానిమీదుగా అటువైపు దాటింది. ఇక్కడ కొయ్యడం కుదరదు. రేడియేషన్ ఇంకోసారి అంత మోతాదులో ఇవ్వలేం. మాత్రలు ఉన్నాయి, వాడదాం."

మాత్రలు ఉన్నాయి అన్నప్పుడు ఆయన తెర వైపు చూస్తున్నారు.

"ఆ రోజే తెలిసి ఉంటే?" అన్నాను. ఆయన ఇంకా తెరనే చూస్తున్నారు, మళ్లీ అడిగాను. "మొదటి స్కాన్ రోజే తెలిసి ఉంటే అందేదా?"

"లేదమ్మా. ఇంత దూరం రెండు మూడు వారాల్లో పాకదు. ఆ రోజుకే అటువైపు ఉంది. ఎమ్మారైలో ఆ తోక కనిపించలేదు, అంతే. అప్పుడు తెలిసినా ఇప్పుడు తెలిసినా ఒకటే." నా భుజం మీద చెయ్యి వేశారు. "మీ వల్ల ఏ ఆలస్యమూ జరగలేదు. ఆ బెంగ పెట్టుకోకండి."

ఆయన నన్ను ఓదార్చడానికే ఆ మాట అన్నారు. మంచి మనిషి. అల్లుడు తల తిప్పి నన్ను చూశాడు. ఆ వారమంతటిలో అతను నా కళ్లలోకి చూడటం అదే మొదటిసారి. ఒకటే అయితే మరి, అని ఆ చూపు. అతను నోరు తెరిచి అడగలేదు. తెరిచి అడిగింది ఒక్కటే.

"ఎడం చెయ్యి ఎన్నాళ్లు పనిచేస్తుందండీ?"

"చెప్పలేం," అన్నారు పెద్ద డాక్టరు. "ముందు బరువెక్కినట్టు ఉంటుంది. అప్పుడు మాకు చెప్పండి."

"మీకు చెప్తే?"

ఆయన మందుల చీటీ ముందుకి లాక్కుంటుంటే అల్లుడే లేచి, "వస్తామండీ," అన్నాడు.

బస్సులో కిటికీ పక్క నన్ను కూచోబెట్టాడు. తను పక్కన కూచున్నాడు. ముందు సీట్లో ఎవరో పాప వెనక్కి తిరిగి అతన్ని చూసి నవ్వుతోంది. అతను చటుక్కున లేచి వెనక వరసలోకి వెళ్లి కూచున్నాడు. పిల్లల దగ్గరికి వెళ్లకూడదన్నారు కదా. మా ఊరి వైపు మలుపు తిరిగాక వచ్చి, కడ్డీ పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు.

"ఆ పది రోజులూ బాగున్నాయి అత్తయ్యా," అన్నాడు. "ఇంకొన్ని ఉండేవి. చెయ్యి పడిపోయేదాకా ఉండేవి."

"నువ్వు బతుకుతావనే ఆవిడకి చెప్పాను నాయనా."

"తెలుసు. అందుకే ఏమీ అనలేకపోతున్నాను."

ఏమైనా అనరా, అందామనుకున్నాను. బస్సు ఆగింది. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని దింపాడు, కుడిచేత్తో. దింపాక వదిలేశాడు.

మర్నాడు హోటలు తెరిచాం. ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు, తెరవాలా వద్దా అని కూడా అనుకోలేదు. పప్పు తాలింపు వాసన వచ్చేసరికి లేచి ఉల్లిపాయలు ముందేసుకున్నాను. గంట కొట్టక ముందే గడియారం వచ్చి తన చోట కూచున్నాడు. వెనకే మిగతావాళ్లు.

"నిన్న మూసేశారేం మాస్టారూ? మిల్లు క్యాంటీన్లో తిన్నాం అందరం. నా పొట్ట ఇంకా కోప్పడుతోంది."

"ఆసుపత్రికి వెళ్లాం," అన్నాడు అల్లుడు పొయ్యి దగ్గర నుంచి.

ఎవరో గ్లాసు కింద పెట్టారు.

"మళ్లీ ఏమిటంట?"

"ఏముంది, ఇంకోసారి చూశారు. వాళ్లకి వేరే పని లేదు." అల్లుడు గిన్నె మూత తీసి ఆవిరికి వెనక్కి జరిగాడు. "అదే చెప్పారు. మాడిన మచ్చ."

"ఒట్టు?" గడియారం నా వైపు తిరిగాడు. "ఏం పెద్దమ్మా, నిజమేనా? మాస్టారి మాట మేం నమ్మం. మీరు చెప్పండి."

అందరూ నాకేసి చూస్తున్నారు. అల్లుడు అటు తిరిగి, మూత చేత్తో పట్టుకుని, కదలకుండా నిలబడ్డాడు. మూత నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా నేల మీద పడుతున్నాయి. అతను నా వైపు చూడలేదు. నేను ఏం చెప్తానో అతనికి తెలియదు. ఒకసారి సరే అని వెళ్లి చెప్పేసిన మనిషిని కదా.

"నిజమే," అన్నాను. "మాడిన మచ్చే. డాక్టరే చెప్పారు."

"అలా చెప్పండి," అన్నాడు గడియారం. బెంచీల మీద మాటలు మళ్లీ మొదలయ్యాయి. ఎవరో ఏదో అన్నారు, నవ్వారు. అల్లుడు మూత పక్కన పెట్టి గరిటె తీసుకున్నాడు. నేను అన్నం గిన్నె ఎత్తుకుని మొదటి బెంచీ దగ్గరికి వెళ్లాను. రేపూ అడుగుతారు. ఎల్లుండి అడుగుతారు. కంచంలో అన్నం పెడుతుంటే గడియారం నా మొహంలోకి వంగి, "మీకేమైంది పెద్దమ్మా, పొగకి కళ్లు మండుతున్నాయా?" అన్నాడు.

"అవును," అన్నాను, పక్క కంచానికి జరిగాను.